పంటి వేరు - పుచ్చును ఎదిరించు శక్తి

పన్ను అనగానే పంచాయతీ సభ్యులకు ఇంటిపన్ను ముందుగా స్ఫురించుట సహజము. మేము ఈ వ్యాసమున వ్రాయబోవునది ఆ పన్నును గూర్చి కాదు. నోటిలోని పన్నును గూర్చి. అందులోను చిగురు క్రింద దాగియుండి, వయస్సు మీరినపుడు బయటపడు పంటి వేరును గూర్చి.

ఇది పంచాయతీ సభ్యులకు చెప్పదగిన విషయమేనా యని కొందరికి సందేహము కలుగవచ్చును. తమ ఊరిలో అరువది యేండ్లు దాటినవారిని ఒక్కసారి తలచుకొనుడు. వారిలో జొన్నరొట్టె నమలగలవారెందరు? వేయించిన వేరుసెనగలు తినగలవారెందరు? నమలలేనివారు గంజికిని, మెత్తని అన్నమునకును, తీపి టీకిని అలవాటుపడుదురు. కూరగాయలు, పప్పులు, పండ్లు వారి విస్తరినుండి క్రమముగా తొలగిపోవును. తిండి తగ్గినకొలది ఒంటిలో సత్తువ తగ్గును. "ముసలితనము వచ్చిన తరువాత పండ్లు ఊడక మానునా?" అని మనవారు సమాధానపడుచుందురు. ఆ మాట పూర్తిగా నిజము కాదు. వయస్సు వచ్చినంత మాత్రమున పండ్లు ఊడవు. చిగుళ్ళ జబ్బు వలనను, పుచ్చు వలనను ఊడును. ఈ రెండును చాలవరకు ఆపదగినవి. ఒక్కొక్కప్పుడు ఆరంభమైన పుచ్చును సయితము మధ్యలో నిలుపవచ్చును. అది యెట్లో తెలిసికొనుటయే ఈ పాఠము ఉద్దేశము.

పంటి నిర్మాణము

పంటికి రెండు భాగములు కలవు. నోటిలో కనబడునది తల. దవడ ఎముకలో పాతుకొనియున్నది వేరు. తలపై తెల్లని పింగాణి పొర కలదు. మన శరీరమునందు ఇంతకంటె గట్టి పదార్థము లేదు. తూకమున నూటికి 96 పాళ్ళు ఖనిజమే. దాని క్రింద డెంటిను అను పసుపువన్నె పదార్థము కలదు. అందు ఖనిజము నూటికి సుమారు 70 పాళ్ళు. తక్కినది మాంసకృత్తుల పోగులును, నీరును. పంటి నడుమ రక్తనాళములు, నరములు గల మెత్తని గుజ్జు ఉండును.

వేరుపై పింగాణి లేదు. సిమెంటము అను పలుచని పొర మాత్రమే కలదు. ఎముకవలె ఉండు ఈ పొరలో ఖనిజము నూటికి ఇంచుమించు సగమే. చిగురు దగ్గర దీని మందము తలవెంట్రుక మందమంతయైనను ఉండదు. పంటిని ఎముకకు పట్టియుంచు నారలను అంటించి యుంచుటయే దీని ముఖ్యమైన పని. నోటిలోని పులుపును ఎదిరించుట కొరకు ఏర్పడినది కాదు.

చెరువు కట్టను ఉదాహరణగా తీసికొందము. నీరు తగులు వైపున రాతి కట్టుబడి కలదు. అలలు ఎంత కొట్టినను అది నిలుచును. రాళ్ళు లేనిచోట అలలు తగిలినచో మట్టి జారును. పంటి తల రాతి కట్టుబడి వంటిది. వేరు మట్టికట్ట వంటిది. చిగురు కప్పియున్నంతకాలము వేరునకు భయము లేదు. చిగురు దిగిపోయిన నాటినుండి దానికి పరీక్ష ఆరంభమగును.

చిగురు ఏల దిగును?

పండ్లపై ప్రతిదినము పాచి పట్టును. పాచి యనగా తిండి తునకలు మాత్రమే కాదు. కోట్లకొలది సూక్ష్మజీవులు గుంపుగా అంటుకొనియున్న పొర. దానిని తొలగింపనిచో ఉమ్మిలోని సున్నపు లవణములు చేరి గట్టిపడి గార యగును. గార పట్టినచోట చిగురు వాచును, ముట్టుకొన్నంతనే రక్తము కారును. ఏండ్ల తరబడి ఇట్లే విడిచినచో చిగురుతోపాటు దాని క్రింది ఎముకయు అరిగి వేరు బయటపడును.

మరి రెండు కారణములు కలవు. మొదటిది పొగాకు. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా - రూపము ఏదైనను చిగుళ్ళకు కీడే. ఖైనీని ఒకేచోట అదిమిపెట్టువారికి సరిగా ఆ స్థలముననే చిగురు దిగిపోవుట చూడవచ్చును. రెండవది మోటుగా తోముట. ఇటుకపొడి, బొగ్గు, కచ్చిక, ఇసుక కలిసిన ఉప్పు - వీనితో గట్టిగా రుద్దినచో పండ్లు తెల్లబడినట్లు తోచును. కాని చిగురు గీసుకొనిపోవును. వేరుపై నున్న పలుచని సిమెంటము తొలగి డెంటిను బయటపడును. చల్లనినీరు త్రాగినపుడు పన్ను జివ్వుమని లాగుట ఇందుకు తొలి సూచన.

పుచ్చు ఎట్లు పుట్టును?

పంటిని పురుగు తొలుచునని పూర్వము చెప్పుకొనెడివారు. పంటిలో పురుగు లేదు. పాచిలోని సూక్ష్మజీవులు మనము తిన్న పంచదారను, బెల్లమును, మెత్తని పిండివంటలను తాము తిని ఆమ్లమును విడుచును. ఆ పులుపు పంటిలోని ఖనిజమును కరగించును.

పులుపును కొలుచుటకు పి.హెచ్. అను కొలత కలదు. స్వచ్ఛమైన నీటికి అది 7. అంకె తగ్గినకొలది పులుపు హెచ్చును. ఒక అంకె తగ్గినచో పులుపు పదిరెట్లగును. పింగాణి కరగుటకు పి.హెచ్. సుమారు 5.5కు దిగవలెను. వేరు మాత్రము 6.2 మొదలు 6.7 మధ్యనే కరగ నారంభించును. 5.5కును 6.2కును గల భేదమును లెక్కించినచో, పింగాణిని కరగించు పులుపులో ఐదవ వంతు ఉన్నను వేరునకు కీడు కలుగునని తేలును. తలమీద మచ్చయైనను లేని పన్ను వేరుదగ్గర పుచ్చుటకు కారణము ఇదియే.

అమెరికాలో రాబర్ట్ స్టీఫాన్ అను శాస్త్రజ్ఞుడు 1940వ దశకమున పాచిలోని పులుపును కొలిచెను. గ్లూకోజు నీటితో నోరు పుక్కిలించిన కొద్ది నిమిషములలోనే పులుపు హెచ్చుననియు, మరల మొదటి స్థితికి వచ్చుటకు అరగంట మొదలు గంట వరకు పట్టుననియు ఆయన చూపెను. దీనిని మన అలవాట్లకు అన్వయించి చూతము. దినమునకు ఆరుమార్లు తీపి టీ త్రాగువానికి, మారునకు అరగంట చొప్పున లెక్కించినను, మూడు గంటలకాలము పంటిపై పులుపు నిలుచును. వేరు తక్కువ పులుపునకే కరగును గనుక దానికి ఆ ఆపత్కాలము ఇంకను దీర్ఘమగును. కావున ఎంత తీపి తింటిమి అనుదానితోపాటు ఎన్నిమార్లు తింటిమి అనునదియు లెక్కింపదగినదే.

వేరు పుచ్చుటయందు రెండు మెట్లు కలవు. మొదటి మెట్టులో ఖనిజము కరగును. మాంసకృత్తుల పోగులు మాత్రము నిలిచియుండును. రెండవ మెట్టులో ఆ పోగులును జీర్ణించిపోయి గుంట పడును. మొదటి మెట్టులో పోగుల చట్రము నిలిచియున్నది గనుక ఖనిజము మరల వచ్చి చేరుటకు అవకాశము కలదు. గుంట పడిన తరువాత పోయిన భాగము తిరిగి పెరుగదు. ఐనను మిగిలిన భాగము గట్టిపడవచ్చును.

వేరునకు గల రక్షణలు

ఇంత మెత్తనిదైనను వేరు పూర్తిగా నిస్సహాయమైనది కాదు. ప్రకృతి దానికి మూడు రక్షణలు కల్పించినది.

మొదటిది ఉమ్మి. మన నోటిలో దినమునకు అరలీటరు మొదలు లీటరున్నర వరకు ఉమ్మి ఊరును. అది తిండి తునకలను కడిగివేయును. అందలి బైకార్బొనేటు పులుపును విరుచును. అందలి కాల్షియము, ఫాస్ఫేటు కరగిపోయిన ఖనిజము స్థానమున మరల చేరును. పగలు జరిగిన నష్టమును ఉమ్మి ఎప్పటికప్పుడు పూడ్చుచుండును. నిద్రపోవునపుడు ఉమ్మి చాల తక్కువగా ఊరును. రాత్రి తీపి తిని నోరు కడుగక పండుకొనుట అందుచేతనే మిక్కిలి కీడు. మధుమేహము గలవారికిని, రక్తపోటునకు, మానసిక వ్యాధులకు వాడు కొన్ని మందులు తీసికొనువారికిని నోరు ఎండుచుండును. అట్టివారు వైద్యునితో ఆ సంగతి చెప్పవలెను. మందును తమంతట తాము మానరాదు.

రెండవది డెంటిను స్వభావము. డెంటినునందు కంటికి కనబడని సన్నని గొట్టములు వేలకొలది కలవు. వయస్సు పెరిగినకొలది, పులుపు మెల్లగా తగిలినకొలది, ఈ గొట్టములు ఖనిజముతో పూడుకొనిపోవును. సూక్ష్మజీవులు లోపలికి చొచ్చుట అప్పుడు కష్టమగును. ఇందుచేత ముదుసలివాని పంటి వేరు ఒక విధముగా పడుచువాని వేరుకంటె గట్టిది. ముసలితనము పండ్లకు శత్రువు మాత్రమే యను తలంపు సరికాదని దీనివలన తెలియుచున్నది.

మూడవది ఫ్లోరైడు. పులుపు తగిలి కరగి మరల గట్టిపడు సమయమున కొద్దిపాటి ఫ్లోరైడు దగ్గరనున్నచో, క్రొత్తగా ఏర్పడు ఖనిజము మునుపటికంటె గట్టిదగును; అంత సులభముగా కరగదు. వేరు పైపొర ఫ్లోరైడును బాగుగా పీల్చుకొనును. ఈ పని పంటి ఉపరితలముననే జరుగును. కావున ఫ్లోరైడు పంటికి తగులుట ముఖ్యముగాని మ్రింగుట ముఖ్యము కాదు.

ఆగిన పుచ్చు

డెన్మార్కు దేశమున నైవాడ్, ఫేయర్‌స్కోవ్ అను పరిశోధకులు 1986లో ఒక విషయమును ప్రకటించిరి. వేరు పుచ్చినవారిచేత ఫ్లోరైడు గల పేస్టుతో ప్రతిదినము ఆ చోట చక్కగా తోమించగా, కొన్ని మాసములలో మెత్తని పుచ్చు గట్టిపడి ముందుకు సాగక నిలిచిపోయినది. వారు ఆ పుచ్చును తొలిచి పూడ్చలేదు; పాచిని ఎప్పటికప్పుడు తొలగించుటయే అచటి ప్రధాన చికిత్స.

సాగుచున్న పుచ్చునకును ఆగిన పుచ్చునకును భేదము తెలిసికొనదగినది. సాగుచున్నది సాధారణముగా పసుపు లేక లేత గోధుమ వన్నెలో, మెత్తగా, తోలువలె ఉండును; దానిపై పాచి నిలిచియుండును. ఆగినది ముదురు గోధుమ లేక నలుపు వన్నెలో, గట్టిగా, నున్నగా మెరయుచుండును. నల్లబడిన ప్రతి పంటిని పెరికించుకొనవలెనను తొందర ఇందుచేతనే తగదు. నలుపు చూచి భయపడి మంచి పన్ను పోగొట్టుకొనుట, వన్నె లేతగా నున్నదని సాగుచున్న పుచ్చును ఉపేక్షించుట - రెండును నష్టములే. ఏది యేదియో నిర్ణయించుట దంతవైద్యుని పని. సంతలో కూర్చుండి పండ్లు పెరుకువారి పని కాదు.

తోముట మాత్రమే చాలనిచోట దంతవైద్యుడు సిల్వర్ డయమీన్ ఫ్లోరైడు అను ద్రావణమును పూయవచ్చును. అందలి వెండి సూక్ష్మజీవులను చంపును. ఫ్లోరైడు పంటిని గట్టిపరచును. తొలుచుట, సూదిమందు అవసరము లేదు. పూసినచోట పుచ్చు శాశ్వతముగా నల్లబడును. ఈ సంగతి ముందుగా తెలిసియుండవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన అత్యవసర ఔషధముల పట్టికలో ఫ్లోరైడు పేస్టుతోపాటు ఈ ద్రావణమును కూడ చేర్చినది. మంచము పట్టిన వృద్ధులకు ఇది మిక్కిలి ఉపకరించును.

ఫ్లోరైడు: మేలు, కీడు

ఇచట మన ప్రాంతపు పాఠకులకు న్యాయమైన సందేహమొకటి కలుగును. "ఫ్లోరైడు వలననే గదా నల్లగొండలో ఎముకలు వంగిపోయినవి! దానినే మందు అనుచున్నారేమి?" అని అడుగవచ్చును.

ఆ వ్యాధి చరిత్రలో తెలుగునాటికి విషాదకరమైన స్థానము కలదు. 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములలో ఈ వ్యాధిని వైద్యులు గుర్తించి ప్రకటించిరి. ఆ ప్రాంతములో కొంత 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరినది. త్రాగునీటిలో ఫ్లోరైడు మితిమీరినచో, పండ్లు ఏర్పడుచున్న బాల్యమున పింగాణి చెడి సుద్దమచ్చలు, గోధుమరంగు చారలు పడును. ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలు, కీళ్ళు బిగిసిపోవును. పటికయు సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించగా, దానికి నల్లగొండ పద్ధతియను పేరే వచ్చినది. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నదీజలములను, జలాశయముల నీటిని ఇంటింటికి తెచ్చుటలో ఈ బాధను తొలగించుటయు ఒక ఉద్దేశము.

భేదమంతయు మోతాదులోను, మార్గములోను కలదు. దినమునకు రెండుమార్లు పంటిపై పూసి ఉమిసివేయునది పంటికి రక్ష. జన్మమంతయు బిందెలకొలది త్రాగునది ఎముకకు శిక్ష. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు మాత్రమే ఒప్పుకొందురు. ఆ హద్దు దాటిన ఊరిలో పండ్లకు మంచిదని చెప్పి ఆ నీటిని సమర్థించుట తప్పు. అట్టి ఊళ్ళలో పిల్లల పేస్టు విషయమై దంతవైద్యుని సలహా తీసికొనవలెను.

ఇంటిలో చేయవలసినవి

1. ఉదయమును, రాత్రి పండుకొనబోవునపుడును మెత్తని బ్రష్షుతో పండ్లు తోముకొనవలెను. రెంటిలో రాత్రి తోముట ముఖ్యము. చిగురును పన్నును కలియుచోట మెల్లగా త్రిప్పుచు తోమవలెను. రంపము లాగినట్లు అడ్డముగా రుద్దరాదు.

2. ఫ్లోరైడు గల పేస్టు పెద్దలకు సెనగగింజంత చాలును. మూడేండ్ల లోపు పిల్లలకు బియ్యపుగింజంత. ఆరేండ్ల వరకు బఠాణీగింజను మించరాదు. పెద్దలు దగ్గరనుండి తోమించి ఉమియించవలెను. తోమిన తరువాత నురుగును ఉమిసిన చాలును. విస్తారమైన నీటితో పుక్కిలించినచో ఫ్లోరైడు కొట్టుకొనిపోవును.

3. వేపపుల్ల వాడువారు కొనను బాగుగా నమిలి కుంచెవలె మెత్తపరచి, చిగురు గీసుకొనకుండ తోముకొనవచ్చును. కాని వేపపుల్ల పాచిని తీయునేగాని ఫ్లోరైడును ఈయజాలదు. వేరు బయటపడినవారు రాత్రియైనను పేస్టు వాడుట మేలు. ఇటుకపొడి, బొగ్గు, కచ్చిక మానవలెను.

4. తీపిని భోజనముతోపాటు తిని, నడుమ నడుమ మానవలెను. టీలు తగ్గింపలేనివారు పంచదారనైనను తగ్గింపవలెను. తీపిగాని పులుపుగాని తిన్నవెంటనే మంచినీటితో నోరు కడుగుకొనవలెను.

5. మంచము పట్టిన పెద్దల పండ్లను ఇంటివారే తోమవలెను. ముఖము కడిగి, తల దువ్వి, పండ్లు మరచుట మన యిండ్లలో సామాన్యము.

పంచాయతీ చేయవలసినవి

1993లో అమలులోనికి వచ్చిన డెబ్బది మూడవ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. త్రాగునీరును, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములతో కూడిన ఆరోగ్యమును అందు కలవు. కావున ఈ క్రిందివి పంచాయతీ పరిధిలోని పనులే.

మొదటిది నీటి పరీక్ష. ఊరిలో త్రాగుటకు వాడు ప్రతి బోరు, ప్రతి కుళాయి ఆధారమునందు ఫ్లోరైడు ఎంత కలదో పరీక్ష చేయించి, ఆ అంకెను గ్రామసభలో చదివి, పంచాయతీ కార్యాలయము గోడపై వ్రాయించవలెను. హద్దు మించిన బోరు నీరు త్రాగరాదని దానియొద్దనే వ్రాయించవలెను.

రెండవది పొగాకు. 2003 నాటి చట్టము ప్రకారము పదునెనిమిదేండ్ల లోపువారికి పొగాకు అమ్మరాదు. విద్యాలయమునకు నూరు గజములలోపల అసలే అమ్మరాదు. బడి గేటునుండి నూరు గజములు కొలిచి గీత గీయించుటకు పెద్ద ఖర్చు లేదు. కావలసినది సభ్యుల పట్టుదల. అమ్మువాడు తరచుగా మనవాడే యగును గనుక ఈ పని మాటలలో సులభము, చేతలలో కష్టము. ఐనను పిల్లవాని చిగుళ్ళు, నోరు, ప్రాణము ఇందు ఇమిడియున్నవి.

మూడవది వృద్ధుల జాబితా. మధుమేహము గలవారు, నోరు ఎండువారు, మంచము పట్టినవారు, ఒంటరిగా నుండువారు ఎవరెవరో ఆశా కార్యకర్తల సహాయముతో వ్రాయించి, దంతవైద్యుని శిబిరము జరుగునపుడు వారిని మొదట చూపించవలెను. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములలో అందవలసిన సేవలలో నోటి ఆరోగ్యమును చేరియున్నది. అడిగి పొందుట మన హక్కు.

నాల్గవది బడియు, అంగన్‌వాడీయు. మధ్యాహ్న భోజనానంతరము పిల్లలందరు నోరు పుక్కిలించుటకు తగినన్ని కుళాయిలు ఉన్నవో లేవో సభ్యులు స్వయముగా పోయి చూడవలెను. నేడు పాచిని తొలగించుట నేర్చిన పిల్లవాని చిగురు అరువదియేండ్ల తరువాతను వేరును కప్పియుండును.

చెరువు కట్టకు గండి పడిన తరువాత ఊరంతయు పరుగెత్తును. ఎలుకబొరియ కనబడిననాడే తట్టెడు మట్టి వేయువాడు ఒక్కడున్నను గండి పడదు. పంటి వేరును గూర్చిన విజ్ఞానము మనకు చెప్పునదియు అదియే. ఆరంభమున గుర్తించిన పుచ్చు నిలుచును. నిలిచిన పన్ను నమలును.

చర్చకు ప్రశ్నలు

1. మన ఊరి త్రాగునీటిలో ఫ్లోరైడు ఎంత? చివరిసారి పరీక్ష ఎప్పుడు జరిగినది?

2. తలకంటె వేరు తక్కువ పులుపునకే కరగుటకు కారణమేమి?

3. బడికి నూరు గజములలోపల పొగాకు అమ్ము దుకాణములు ఎన్ని కలవు? వానిని గూర్చి పంచాయతీ ఏమి తీర్మానము చేసినది?

4. మన వార్డులో నమలలేక ఆహారము మార్చుకొన్న వృద్ధులెవరు? వారిని దంతవైద్యునికి చూపించు బాధ్యతను ఎవరు వహింతురు?